ఓర్వకల్లు దగ్గర 10 ఎకరాలు: సోలార్ మేమే పెట్టాలా, లీజుకు ఇవ్వాలా?

బురుజు నీడ (కర్నూలు)

అందరికీ నమస్కారం. ఓర్వకల్లు వైపు మా నాయనకు 10 ఎకరాల మెట్ట పొలం ఉంది. గరుసు నేల. బుడ్డలు (వేరుశనగ) వేస్తే ఒక ఏడు పెట్టుబడి వస్తుంది, రెండేళ్లు రాదు. సబ్‌స్టేషన్ పొలానికి మూడు కిలోమీటర్ల లోపే ఉంది.

ఇప్పుడు మా ముందు రెండు దారులున్నాయి. ఒక కంపెనీ వాళ్లు ఎకరాకు ఏడాదికి 30 వేలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపుతో లీజు అడుగుతున్నారు. ఇంకోవైపు నేను, మా చిన్నాన్న కొడుకు, మా బావ కలిసి కేంద్రం పీఎం కుసుమ్ సోలార్ పథకం కింద 2 మెగావాట్ల ప్లాంటు మేమే పెడదామని అనుకుంటున్నాం. కన్సల్టెంట్ ఒక షీట్ ఇచ్చాడు. మొత్తం ఖర్చు 7.5 కోట్లు, అందులో మా డబ్బు 2.25 కోట్లు, మిగతా 5.25 కోట్లు బ్యాంకు అప్పు. వడ్డీ 10 శాతం, 15 ఏళ్లు. ఏడాదికి 34 లక్షల యూనిట్లు, యూనిట్‌కు 3.10 అని వేశాడు. రేటు ఇంకా ఖరారు కాలేదు. పీపీఏ, అంటే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) మా కరెంటు కొనే ఒప్పందం, 25 ఏళ్లు. మా డబ్బు మీద రాబడి 15 శాతం అంటున్నాడు.

మా 2.25 కోట్లు అంటే కర్నూలులో ముగ్గురి ప్లాట్లు అమ్మాలి. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఈ రంగం తెలిసినవాళ్లు లెక్కలు చూసి చెప్పండి. ఎక్కడ తేడా కొడుతుందో తెలుసుకోవాలి.

కొత్త పంట (ఆదోని)

అన్నా, భయపడాల్సిన పని లేదు. మా జిన్నింగ్ మిల్లు రేకుల మీద 200 కిలోవాట్లు పెట్టి ఐదేళ్లు దాటింది. ఒక్కసారి కూడా బాధపడలేదు. మన జిల్లాలో ఎండకు కరువు ఉందా? గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల పార్కు 2017 నుంచి నడుస్తోంది. పెద్ద కంపెనీలు ఊరికే వచ్చి పెట్టవు కదా. వాన రాకపోతే పంట పోతుంది, ఇక్కడ వాన రాకపోతే ఇంకా మంచిది. ముందుకెళ్లండి.

ఉరవకొండ గాలి

కొత్త పంట అన్నా, మీ అనుభవం నిజమే. కానీ మీ మిల్లుకూ వాళ్ల ప్లాంటుకూ పెద్ద తేడా ఉంది. మీరు చేసే కరెంటు మీరే వాడుకుంటున్నారు. మీ బిల్లు తగ్గడమే మీ ఆదాయం, ఎవరూ మీకు డబ్బు కట్టాల్సిన పని లేదు. వాళ్లు చేసే ప్రతి యూనిట్‌ను కొనేది ఒక్క డిస్కమే. ఆ ఒక్కరు ఆలస్యం చేస్తే ఇంకో గిరాకీ లేదు.

నేను పవన విద్యుత్‌లో పన్నెండేళ్లు పనిచేశాను. మా సైట్‌లో గాలికేమీ లోటు రాలేదు. ఆషాఢంలో కొండ మీద నిలబడితే మనిషి తూలిపోయేంత గాలి. దెబ్బ తగిలింది కాగితం దగ్గర. 2015-16 ప్రాంతంలో పెట్టిన గాలిమరలకు యూనిట్‌కు 4.84 దాకా రేటు ఉండేది. 2019 జూలై 1న రాష్ట్ర ప్రభుత్వం ఆ రేట్లు సమీక్షించడానికి కమిటీ వేస్తూ జీవో ఇచ్చింది. పవన విద్యుత్తుకు 2.43, సౌరానికి 2.44కి తగ్గించమని డిస్కంలు అడిగాయి. కేసు హైకోర్టుకు వెళ్లింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో కోర్టు జీవోను కొట్టేసింది కానీ, తేలేదాకా ఆ తగ్గించిన రేట్లే కట్టమంది. చివరికి 2022 మార్చి 15న డివిజన్ బెంచ్ పీపీఏలో ఉన్న రేటే ఇవ్వాలని, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలని తీర్పు చెప్పింది.

న్యాయం గెలిచింది, సరే. కానీ జీవో నుంచి తీర్పు దాకా రెండున్నరేళ్లు దాటింది. ఆ రెండున్నరేళ్లూ బ్యాంకు కంతు ఆగదు. మా దగ్గర జీతాలు మూడు నెలలకోసారి వచ్చాయి. పెద్ద కంపెనీ కాబట్టి తట్టుకుంది. ముగ్గురు బంధువులు కలిసి పెట్టిన ప్లాంటు అయితే ఎన్ని నెలలు తట్టుకుంటుంది? నన్ను అడిగితే మీ షీట్‌లో ముందు చూడాల్సింది అదే.

లెక్కల అక్క (అనంతపురం)

బురుజు నీడ గారూ, నేను పదేళ్లుగా ప్రాజెక్టు ఫైనాన్స్ రిపోర్టులు చూస్తున్నాను. మీరు ఇచ్చిన అంకెలతో కూర్చున్నాను. ఓపిగ్గా చదవండి.

34 లక్షల యూనిట్లు, 3.10 రేటు: ఏడాదికి 105 లక్షల 40 వేలు. నిర్వహణ, కాపలా, కడుగుడు, ఇన్సూరెన్స్ కలిపి 10 లక్షలు వేసుకుందాం. మిగిలేది 95.4 లక్షలు. 5.25 కోట్లకు 15 ఏళ్లు 10 శాతం అంటే నెల కంతు 5.64 లక్షలు, ఏడాదికి దాదాపు 68 లక్షలు. అంటే మీ ముగ్గురికీ మిగిలేది సుమారు 27.7 లక్షలు. అదే 2.25 కోట్లు బ్యాంకులో ఫిక్స్‌డ్ వేస్తే 7 శాతం చొప్పున 15.75 లక్షలు, పొలం లీజుకిస్తే 3 లక్షలు, కలిపి 18.75 లక్షలు ఏ కష్టమూ లేకుండా వస్తాయి. కాబట్టి మీరు తలకెత్తుకునే అన్ని గండాలకూ కలిపి మొదటి ఏడాది మీకు దక్కే ప్రతిఫలం 9 లక్షలు. ముగ్గురికి. ఈ అంకెను ఇంట్లో అందరి ముందూ పెట్టండి.

ఇంకొకటి. యూనిట్లు 5 శాతం తగ్గితే మిగులు కూడా 5 శాతమే తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. కంతు మారదు కాబట్టి ఆ 5.27 లక్షలు పూర్తిగా మీ 27.7 నుంచే పోతాయి. అంటే మీ చేతికొచ్చే డబ్బు 19 శాతం తగ్గుతుంది. అప్పు ఎక్కువున్న చోట చిన్న కుదుపు కూడా పెద్ద దెబ్బగా తగులుతుంది.

ఇక ఆ 15 శాతం ఎలా వచ్చిందో చూశాను. పానెళ్లు 25 ఏళ్లూ మొదటి రోజులాగే పనిచేస్తాయని, ఖర్చు 25 ఏళ్లూ 10 లక్షల దగ్గరే ఆగిపోతుందని పెడితేనే ఆ అంకె వస్తుంది. పానెల్ ఏటా 0.6 శాతం తగ్గుతుందని, ఖర్చు ఏటా 5 శాతం పెరుగుతుందని పెట్టి చూశాను. రాబడి 11.6 శాతం దగ్గరికి దిగింది. ఇన్వర్టర్ల మార్పిడి ఖర్చు ఇందులో ఇంకా కలపలేదు.

మైదుకూరు

అక్కా, 34 లక్షల యూనిట్లు అన్న అంకెనే నేను నమ్మలేకపోతున్నాను. అది పీ50నా, పీ90నా? పీ90 అంటే పదేళ్లలో తొమ్మిదేళ్లు అంతకన్నా ఎక్కువ వస్తుందని కదా?

లెక్కల అక్క (అనంతపురం)

మంచి ప్రశ్న. చాలామంది అలాగే అనుకుంటారు, కానీ అది సగమే నిజం. పీ50 అంటే సగం సగం. ఆ అంకె కన్నా ఎక్కువ రావడానికి ఎంత అవకాశముందో తక్కువ రావడానికీ అంతే ఉంది. పీ90 అంటే అంతకు మించి రావడానికి 90 శాతం అవకాశం ఉన్న అంకె. అందులో ఏడాదికీ ఏడాదికీ మారే ఎండ ఒక భాగం మాత్రమే. మన అంచనాలోనే ఉన్న తప్పు ఇంకో భాగం. ఉపగ్రహం నుంచి తీసుకున్న ఎండ లెక్క తప్పి ఉండొచ్చు, దుమ్ము తక్కువ అనుకుని ఉండొచ్చు. ఆ తప్పు ఒక ఏడాది వచ్చి మరుసటి ఏడాది సర్దుకునేది కాదు. మొదట్లోనే అంచనా ఎక్కువ వేస్తే 25 ఏళ్లూ తక్కువే వస్తుంది. మంచి ఏడాది వచ్చి చెడ్డ ఏడాదిని పూడ్చే వీలు అక్కడ లేదు.

వీళ్ల షీట్‌లో ఏమీ రాయలేదంటే పీ50 అనే అనుకోవాలి. మొత్తం అనిశ్చితి 8 శాతం అనుకుంటే పీ90 సుమారు 30.5 లక్షల యూనిట్లు. అప్పుడు కంతు, ఖర్చు పోగా మిగిలేది 17 లక్షలు. ఫిక్స్‌డ్ డిపాజిట్, లీజు కలిపిన 18.75 కన్నా తక్కువ.

కడప బ్యాంకు ఉద్యోగి

అక్క చెప్పినదానికి మా వైపు నుంచి కొంచెం కలుపుతాను. కంతుకు ఎన్ని రెట్లు డబ్బు మిగులుతుందో చూస్తాం, దాన్ని డీఎస్‌సీఆర్ అంటాం. మొదటి ఏడాది వీళ్లది 1.4, కాగితం మీద బాగుంది. కానీ పదో ఏడాది చూడండి. పానెల్ అరుగుదలతో యూనిట్లు 32.2 లక్షలకు వస్తాయి, ఖర్చు 15.5 లక్షలకు చేరుతుంది. మామూలు ఏడాదైతే 1.24. అదే ఏడాది ఉత్పత్తి 10 శాతం తగ్గితే 1.1. పదో ఏడాది, పన్నెండో ఏడాది మధ్య ఇన్వర్టర్లు మార్చాల్సి వస్తే 30, 40 లక్షలు ఎక్కడ నుంచి తెస్తారు? షీట్‌లో ఆ వరుసే లేకపోతే ఆ షీట్ మొత్తాన్ని అనుమానించాలి.

వడ్డీ స్థిరమా, మారేదా అని కూడా అడగండి. 10 నుంచి 11 అయితే ఏడాదికి 4 లక్షలు అదనం.

ఆరు నెలల కంతు, అంటే 34 లక్షలు, విడిగా డిపాజిట్‌లో పెట్టి ముట్టుకోకుండా ఉంచగలిగితేనే నేను ఇలాంటి అప్పుకు సరే అంటాను. 2022 జూన్‌లో కేంద్రం లేట్ పేమెంట్ సర్‌చార్జ్ నిబంధనలు తెచ్చిన తర్వాత చెల్లింపులు మెరుగుపడ్డాయి. ఆలస్యానికి వడ్డీ కూడా వస్తుంది. అయినా ఆ వడ్డీ వచ్చేలోపు కంతు తప్పి 90 రోజులు దాటితే మీ ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. తనఖా పెట్టింది మీ నాయన పొలమే కదా.

33 కేవీ (నంద్యాల)

సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాను. ఇంతసేపూ ఎండ గురించి, డబ్బు గురించి మాట్లాడారు. ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైన్, దాని గురించి ఎవరూ అడగలేదు.

బాబూ, నీ ప్లాంటు మన లైన్‌కు కట్టి ఉంటుంది. లైన్‌లో కరెంటు లేకపోతే ఇన్వర్టర్ దానంతట అదే ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే మనిషి ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు అది. మంచి ఎండ కాస్తున్నా సరే, ఒక్క యూనిట్ రాదు. వ్యవసాయానికి పగలు 9 గంటలు ఇస్తున్నాం కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ కాలినా, కండక్టర్ తెగినా అది పగలే జరుగుతుంది. మనవాళ్లు ఎల్‌సీ (మరమ్మతు కోసం లైన్ ఆపడం) తీసుకునేదీ పగలే, పదింటి నుంచి మూడింటి లోపే. నీ రోజు ఉత్పత్తిలో సగానికి పైగా వచ్చే సమయం కూడా అదే.

కాబట్టి నేరుగా సబ్‌స్టేషన్‌కు వెళ్లు. ఏఈ గారిని మర్యాదగా అడిగి లాగ్ బుక్ చూడు. నీ ప్లాంటును ఏ 11 కేవీ బస్‌కు (ఫీడర్లు కలిసే చోటు) కలుపుతారో తెలుసుకుని, దాని మీద ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా ఎన్ని ట్రిప్పులు (లైన్ దానంతట అదే ఆగిపోవడం), ఎన్ని ఎల్‌సీలు, ఎన్ని గంటలు పోయాయో రాసుకో. ఏడాది మొత్తం కుదిరితే మంచిది. కనీసం వానాకాలం మూడు నెలలు, ఎండాకాలం మూడు నెలలు చూడు. ఏ కన్సల్టెంటూ ఈ పని చేయడు.

తాడిపత్రి బండలు

చుట్టుపక్కల క్వారీ గానీ, పాలిష్ ఫ్యాక్టరీ గానీ ఉందా? మా తాడిపత్రి దగ్గర, మీ బేతంచెర్ల వైపు నాపరాళ్ల కోత దుమ్ము పానెల్ మీద పడితే మంచుకు తడిసి పిండిలా అతుక్కుంటుంది. మామూలు దుమ్ములా గాలికి పోదు. బోరు నీళ్లు ఉప్పు నీళ్లైతే కడిగిన ప్రతిసారీ తెల్లని పొర మిగులుతుంది. మా బంధువుల ప్లాంటులో రెండేళ్లు అలాగే కడిగి, చివరికి నీటిని శుద్ధి చేసే యూనిట్ పెట్టుకోవాల్సి వచ్చింది. నీళ్లు పరీక్ష చేయించండి, ఖర్చు కొద్దిగానే అవుతుంది.

ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ అనుకోవడం కూడా సరికాదు. పానెల్ సామర్థ్యం రాసేది 25 డిగ్రీల దగ్గర. మన మే నెలలో పానెల్ 65 డిగ్రీలు కాగుతుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున 14 శాతం అక్కడే పోతుంది. పీవీసిస్ట్ (ఉత్పత్తి అంచనా వేసే సాఫ్ట్‌వేర్) రిపోర్టులో ఈ లెక్క కలిసే వస్తుంది, కానీ ఏ ఊరి వాతావరణం తీసుకున్నారో ఒకసారి చూడండి.

కొత్త పంట (ఆదోని)

అందరూ భయపెడుతున్నారే తప్ప ధైర్యం ఎవరూ చెప్పడం లేదు. రిస్క్ లేని వ్యాపారం ఏముంది? బుడ్డలు వేసే రైతు ఏ పీ90 చూసుకుని విత్తుతున్నాడు?

లెక్కల అక్క (అనంతపురం)

అన్నా, ఆ పోలికతోనే చెబుతాను. మా తాతలు అనంతపురం దగ్గర శెనక్కాయ వేసేవాళ్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా. ఎన్నేళ్లకోసారి కరువొస్తుందో వాళ్లకు లెక్క తెలుసు. అందుకే చేను మొత్తం శెనక్కాయే వేయకుండా మధ్యలో కంది సాళ్లు పెట్టేవాళ్లు, గాదెలో కొర్రలు ఉంచేవాళ్లు. అది లెక్క కట్టగలిగిన గండం. కానీ వాళ్ల పొలానికి అటుపక్క ఎప్పుడు రోడ్డు పడుతుందో, చట్టం ఎప్పుడు మారుతుందో ఏ తాతా లెక్క కట్టలేకపోయాడు. దాన్ని లెక్కతో ఎదుర్కోలేం, చేతిలో కొంత ఉంచుకుని ఎదుర్కోవాలి.

సోలార్‌లోనూ అంతే. ఎండ, దుమ్ము, ఫీడర్ మొదటి రకం. వాటికి శాతం వేయొచ్చు. రేటు సమీక్ష, కొత్త పన్ను, కొనేవాడి ఆర్థిక పరిస్థితి రెండో రకం. 2018 జూలైలో దిగుమతి పానెళ్ల మీద 25 శాతం సేఫ్‌గార్డ్ సుంకం వచ్చింది. 2022 ఏప్రిల్‌లో కస్టమ్స్ సుంకం 40 శాతం అయింది. ముందు బిడ్ వేసి తర్వాత పానెళ్లు కొన్నవాళ్ల సంగతి ఆలోచించండి. ఆ రెండో రకానికి శాతం వేసి షీట్‌లో పెట్టినవాళ్లు మనల్నీ, తమనూ మోసం చేసుకుంటున్నారు. వాటికి విరుగుడు అప్పు తక్కువగా ఉంచుకోవడం, చేతిలో డబ్బు ఉంచుకోవడమే.

గ్రిడ్ డెస్క్

ప్రణాళిక వైపు నుంచి ఒక మాట. 2015 నవంబర్‌లో మన గని పార్కులోనే 500 మెగావాట్లకు సన్‌ఎడిసన్ 4.63కి బిడ్ వేసి గెలిచింది. అప్పట్లో అది రికార్డు తక్కువ. 2016 ఏప్రిల్‌లో ఆ కంపెనీ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది, ఆ ప్రాజెక్టు గ్రీన్‌కో చేతికి వెళ్లింది. 2017 ఏప్రిల్‌లో కడప పార్కు వేలంలో ధర 3.15. మరుసటి నెల రాజస్థాన్ భడ్లాలో 2.44. 2021 డిసెంబర్‌లో కేంద్ర సంస్థ సెకీతో మన డిస్కంలు ఒప్పందం చేసుకున్న ధర 2.49.

దీన్నుంచి నాకు అర్థమైంది ఇది. మన రేటుకూ, కొత్తగా దొరికే రేటుకూ తేడా పెరిగే కొద్దీ కొనేవాడికి పాత ఒప్పందం బరువనిపిస్తుంది. ఉరవకొండ అన్న చెప్పిన 4.84 కథంతా ఆ తేడాలోంచే పుట్టింది. 3.10కీ 2.49కీ తేడా 61 పైసలే. పైగా మీ కరెంటు ఊరి సబ్‌స్టేషన్‌లోనే వాడకానికి వెళ్తుంది, దూరం నుంచి తెచ్చే ఖర్చూ నష్టమూ ఉండవు. కాబట్టి రేటు తక్కువగా ఉందని మరీ బాధపడకండి, ఒక రకంగా మీకు అదే రక్షణ. ఎక్కువ రేటు ఇప్పిస్తామని ఎవరైనా వస్తేనే జాగ్రత్త.

ఇంకో పదేళ్లలో మధ్యాహ్నం కరెంటు విలువ ఇంకా తగ్గొచ్చు. కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజ్‌లో మధ్యాహ్నం ధర పడిపోయి, సాయంత్రం 10 రూపాయల పరిమితిని తాకిన రోజులు ఇప్పటికే చూశాం. పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ కట్టింది అందుకే: పగలు నీళ్లు పైకి ఎత్తి, సాయంత్రం కిందికి వదలడానికి. కొత్తగా పెట్టేవాళ్లు తర్వాత బ్యాటరీ పెట్టుకోవడానికి కొంత జాగా, ఒప్పందంలో వీలు ఉంచుకోవడం మంచిది.

గడివేముల రైతు

నేను లీజు ఇచ్చినవాడిని. లీజు డబ్బు ఏ కష్టమూ లేకుండా వస్తుందని పైన రాశారు. అది సరికాదు, నా మాట వినండి.

మేం అన్నదమ్ములం కలిసి 8 ఎకరాలు ఇచ్చాం. మొదటి ఏడాది డబ్బు సమయానికి వచ్చింది. రెండో ఏడాది అసలు కంపెనీ ఇంకొకరికి అప్పగించి వెళ్లిపోయింది. కాగితంలో ఆ వీలు ఉంది, మేం చదవలేదు. కొత్తవాళ్లు నాలుగు నెలలు ఆలస్యం చేశారు. మా వంక దాటి పశువులు పోయే బండిబాటకు అడ్డంగా కంచె వేశారు. దాని కోసం తహసీల్దార్ ఆఫీసు చుట్టూ ఏడాది తిరిగాం. ఇప్పుడు డబ్బు వస్తోంది, కాదనను. కానీ సంతకం పెట్టేముందు ఐదు సంగతులు తెలిసి ఉంటే బాగుండేది అనిపిస్తుంది. మా అనుమతి లేకుండా వేరేవాళ్లకు ఇవ్వకూడదు. ఆలస్యానికి వడ్డీ ఉండాలి. మా పొలం మీద వాళ్లు అప్పు తెచ్చుకోకూడదు. బాట, వంక వదలాలి. గడువు అయిపోయాక పునాదులు పెకలించి నేల చదును చేసి ఇవ్వాలి, దానికి ముందే డిపాజిట్ కట్టాలి. ఆఖరిది లేకపోతే 25 ఏళ్ల తర్వాత మన మనవలకు మిగిలేది సిమెంటు దిమ్మెలు, పగిలిన పానెళ్లు.

మైదుకూరు

గడివేముల అన్న మాటకు తోడు: ఆ 5 శాతం పెంపు సంగతి. రెండేళ్లకోసారి 5 అంటే ఏడాదికి రెండున్నర కూడా లేదు. 25వ ఏడాది వచ్చేసరికి 30 వేలు 53,900 దగ్గరికి చేరుతుంది. ధరలు ఏటా 6 శాతం పెరిగితే అప్పటి 53,900తో ఇవాళ్టి 13,300 విలువైన సరుకే వస్తుంది. లీజు ఇచ్చేవాళ్లు ఏటా 5 శాతం అడగండి. ఇవ్వకపోతే మొదటి అంకె పెంచమనండి.

పొలం కాగితాలు కూడా. పట్టా అసలుదా, ప్రభుత్వం అసైన్ చేసిన డీకేటీనా? 1బీ, అడంగల్, ఈసీ మూడింట్లో విస్తీర్ణం ఒకటేనా? రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఏ జాబితాలో, చుక్కల భూముల్లో (పాత రికార్డులో యజమాని పేరు చోట చుక్కలున్నవి) సర్వే నంబరు ఉందా? బ్యాంకు అప్పు మంజూరు అయ్యాక ఇది బయటపడితే పెట్టిన ఖర్చంతా పోతుంది. మా ఊళ్లో ఒకరికి అదే జరిగింది.

బురుజు నీడ (కర్నూలు)

అందరికీ చేతులెత్తి దండం. మూడు వారాల తర్వాత రాస్తున్నాను.

33 కేవీ సార్ చెప్పినట్టే సబ్‌స్టేషన్‌కు వెళ్లాను. జూలై నుంచి సెప్టెంబర్ దాకా లాగ్ బుక్ చూడనిచ్చారు. ఉదయం 9 నుంచి 4 మధ్య మా ఫీడర్ వైపు పోయింది 31 గంటలు. ఆ 92 రోజుల్లో మొత్తం 644 గంటలు కాబట్టి దాదాపు 5 శాతం. వానాకాలం కాబట్టి ఏడాది సగటు 4 అనుకున్నాను. దుమ్ముకు ఇంకో 2 కలిపి 6 శాతం తగ్గించాను. లెక్కల అక్కా, మీ షీట్‌లో పెట్టి చూస్తే రాబడి 9 శాతానికి వస్తోంది. సరిగ్గా చేశానా?

పొలం కాగితాల్లో 1బీలో 10 ఎకరాలు, ఈసీలో 9.62 ఉంది. సర్వేకు అర్జీ పెట్టాం.

లెక్కల అక్క (అనంతపురం)

సరిగ్గానే చేశారు. నాకూ 9 దగ్గరే వచ్చింది. లాగ్ బుక్ దాకా వెళ్లిన మొదటి పెట్టుబడిదారుడిని చూస్తున్నాను, చాలా సంతోషంగా ఉంది.

మీ పోస్టు చూశాక రాత్రి ఇంకో లెక్క వేశాను, అది నన్నే ఆశ్చర్యపరిచింది. 2 మెగావాట్లు కాకుండా 1 మెగావాట్ మాత్రమే పెడితే? ఖర్చు 3.75 కోట్లు. మీ 2.25 కోట్లు అలాగే ఉంచితే అప్పు 1.5 కోట్లే. ఆదాయం 52.7 లక్షలు. కాపలా ఖర్చు సగం కాదు కాబట్టి ఖర్చు 6 లక్షలు వేశాను. కంతు ఏడాదికి 19.3 లక్షలు. మిగిలేది 27.4 లక్షలు.

రెండు మెగావాట్లకు మిగిలేది 27.7. అంటే రెండో మెగావాట్ మొదటి 15 ఏళ్లూ మీకు దాదాపు ఏమీ ఇవ్వదు. అది తెచ్చేదంతా దాని అప్పు కట్టడానికే సరిపోతుంది. మీకు దాని లాభం 16వ ఏడాది నుంచి. గండం మాత్రం మొదటి రోజు నుంచి. 2 మెగావాట్లలో ఉత్పత్తి 10 శాతం తగ్గితే మిగులు 17 లక్షలకు పడుతుంది, 1 మెగావాట్‌లో 22 లక్షల దగ్గర ఆగుతుంది. ఆరు నెలలు డబ్బు రాకపోతే ఒకచోట 34 లక్షలు సర్దాలి, ఇంకోచోట 10 లక్షల లోపే.

కడప బ్యాంకు ఉద్యోగి

అక్కా, నిజమే, ఇప్పుడే లెక్క కట్టి చూశాను. 10 శాతం వడ్డీ, 15 ఏళ్ల కంతు కలిపితే అప్పు మీద ఏటా కట్టేది 12.9 శాతం. ప్లాంటు మొదటి ఏడాది ఖర్చులు పోను ఇచ్చేది పెట్టుబడి మీద 12.7. అప్పుతో పెంచుకునేదేమీ లేదిక్కడ. 1 మెగావాట్ అయితే డీఎస్‌సీఆర్ 2.4. ఇలాంటి ఫైలు నా టేబుల్ మీదికి వస్తే మారు మాట్లాడకుండా పైకి పంపుతాను.

కొత్త పంట (ఆదోని)

నేను ముందుకెళ్లమని అన్న మాట వెనక్కి తీసుకోవడం లేదు కానీ, 2 మెగావాట్లు అన్నది తప్పే. అక్క లెక్క మా మిల్లు అకౌంటెంట్‌కు చూపించాను, ఆయనా అదే అన్నాడు. మా మిల్లుకు ఇంకో 300 కిలోవాట్లు అప్పుతో పెడదామనుకున్నాం. పత్తి సీజన్ ఆరు నెలలే కదా, మిగతా ఆరు నెలల యూనిట్లు ఎంతకు పోతాయో ముందు చూస్తాను.

33 కేవీ (నంద్యాల)

బాబూ, మార్చి నుంచి మే దాకా లాగ్ బుక్ కూడా చూడు. ఎండాకాలం ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కువ కాలతాయి. ఎవరైనా ఇవ్వనంటే నా పేరు చెప్పకు, అర్జీ రాసి అడుగు, ఇస్తారు.

బురుజు నీడ (కర్నూలు)

నిన్న ఇంట్లో అందరం కూర్చున్నాం. లెక్కల అక్క రాసింది ప్రింటు తీసి మా బావకు, చిన్నాన్న కొడుక్కు ఇచ్చాను. మా బావ రెండోసారి చదివి, తన ప్లాటు ఇప్పుడే అమ్మనని, సర్వే తేలి, రేటు ఖరారయ్యాక మాట్లాడదామని అన్నాడు. నాకు కోపం రాలేదు.

1 మెగావాట్ అయితే 5 ఎకరాలు చాలు. మిగతా 5 ఎకరాలు లీజుకు ఇద్దామని నేనన్నాను. మా నాయన అంతసేపూ ఏమీ మాట్లాడలేదు. చివరికి బావి ఉన్న వైపు 5 ఎకరాలు ఎవరికీ ఇవ్వొద్దు, వచ్చే ఏడు కంది వేద్దామని అన్నాడు. అదే రాసుకున్నాం.

సోమవారం ఎండాకాలం లాగ్ బుక్ కోసం మళ్లీ సబ్‌స్టేషన్‌కు వెళ్తున్నాను. నీళ్ల శాంపిల్ ల్యాబ్‌కు ఇచ్చాను. రిపోర్టు రాగానే ఇక్కడే పెడతాను, తాడిపత్రి అన్న చూసి చెప్పాలి.